ముప్పై మానికల పచ్చజొన్నలు

మా తాత ఏడ్చినట్టు మా గుడిలో ఇంకెవరూ ఏడ్చేవాళ్లు కాదు. ఏటా కోతలయ్యాక మూడు రాత్రులు ఉజ్జీవ సభలు, అంటే క్రైస్తవుల భక్తిని మళ్లీ రగిలించే సభలు, పెట్టేవాళ్లు. ప్రసంగం అయిపోయి, హార్మోనియం సన్నగా మొదలై, "ప్రభువు పిలుస్తున్నాడు, ముందుకు రండి" అని దైవజనుడు అనడమే ఆలస్యం, మొదట లేచేది తాతే. తుండుగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని, పోయి మోకాళ్ల మీద పడి, భుజాలు అదిరేలా ఏడ్చేవాడు. ఆ వెనకే మేం పిల్లలం. మా సంగతి వేరు. ముందుకు పోయిన పిల్లలకు రంగుల బొమ్మల చిన్న పుస్తకం ఒకటి ఇచ్చేవాళ్లు. ముందుకు పోతే రక్షణ పొందినట్టే లెక్క. అట్లా నేను ఆరేళ్లు వరసగా రక్షణ పొందాను. ఆరు పుస్తకాలు వచ్చాయి.

మాది దేవరకొండ పక్కన పల్లె. మెనోనైట్ బ్రదరన్ సంఘం. ఈ పేరు వినగానే హైదరాబాద్‌లో క్రైస్తవులే "అదేం సంఘం?" అంటారు. 1890లో అబ్రహాం ఫ్రీసెన్ అనే ఆయన రష్యా నుంచి నల్లగొండ వచ్చి పని మొదలుపెట్టాడు. ఆ తర్వాత 1899లో అమెరికా నుంచి మెనోనైట్ బ్రదరన్ మిషనరీలు వచ్చారు. అట్లా దేవరకొండ, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, మహబూబ్‌నగర్ దాకా గుళ్లు, బళ్లు, దవాఖానాలు లేచాయి. మా సంఘంలో చంటిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. బుద్ధి తెలిశాక, పెద్దల ముందు నిలబడి సాక్ష్యం చెబితేనే చెరువులో ముంచుతారు. "నువ్వేం పాపం చేసినవ్, ఎట్ల మర్లినవ్?" అని అడిగేవాళ్లు. బైబిల్లో 'మారుమనస్సు' అని ఉన్నదాన్ని మా ఊరివాళ్లు 'మర్లుడు' అనే అనేవాళ్లు. చాలా ఏళ్ల తర్వాత ఒక పాస్టరుగారు హీబ్రూలో దానికి వాడే 'షూబ్' అన్న మాటకు అర్థం తిరిగి రావడమేనని చెబితే, మా నాయనమ్మకు హీబ్రూ వచ్చన్నమాట అని నవ్వుకున్నాను.

1984 ఫిబ్రవరి. నాకు పన్నెండేళ్లు. ఆ ఏడు సభలకు నాగర్‌కర్నూల్ వైపు నుంచి ఒక బక్కపలచటి ముసలాయన వచ్చాడు. గొంతు చిన్నది. మైకు లేకపోతే ముందు వరసకు కూడా వినపడదు. మొదటి రెండు రాత్రులు జనానికి పెద్దగా నచ్చలేదు. అరవడు, గెంతడు, కథలు చెప్పడు. మూడో రాత్రి లూకా సువార్త పద్నాలుగో అధ్యాయం తీశాడు. గొప్ప విందు చేసినాయన కథ.

ఆయన చెప్పింది నాకు ఇప్పటికీ గుర్తుంది. ఎందుకంటే మా ఊరి పెండ్లిళ్ల లెక్కలోనే చెప్పాడు. "మన దగ్గర ఎట్ల? ముందే వచ్చి చెప్పిపోతరు. మళ్ల వంట దిగినంక, లేవుండ్రి, కూర అయింది అని ఒక పోరడు ఉరికొస్తడు. మొదలు చెప్పినప్పుడు అందరూ సరే అన్నోళ్లే. రెండోసారి పిలిచినప్పుడే కథ." విందుకు రాలేమన్న ముగ్గురిలో ఒకడు పొలం కొన్నాడు, ఒకడు అయిదు జతల ఎడ్లు కొన్నాడు, ఒకడు పెండ్లి చేసుకున్నాడు. "ముగ్గుర్ల ఒక్కడన్న తాగుబోతా? దొంగా? ఎడ్లు కొనుడు పాపమా?" అని అడిగాడు. మా ఊళ్లో అయిదు జతల ఎడ్లు ఎవరికీ లేవు. అందుకని జనం కొంచెం నవ్వారు కూడా.

అప్పుడే కరెంటు పోయింది. అది మామూలే, పక్కన పెట్రోమాక్స్ దీపం సిద్ధంగా ఉంది. వెలిగించారు. గాలి పోస్తుండగా ఎవరిదో చెయ్యి తగిలి అందులో వెలుగిచ్చే మ్యాంటిల్ రాలిపోయింది. ఇంకొకటి లేదు. పందిట్లో కటిక చీకటి. హార్మోనియం ఆయన అలవాటు కొద్దీ రాగం ఎత్తుకున్నాడు. ముందుకు రమ్మనే వేళ అదే కదా మరి.

చీకట్లోంచి ఆ చిన్న గొంతు వినిపించింది. మైకు లేదు కాబట్టి అందరం ఊపిరి బిగబట్టి విన్నాం. "వద్దయ్యా, పాట ఆపుండ్రి. ఇయ్యాల ఎవ్వరూ ముందుకు రావద్దు. ఇక్కడేం కనపడదు. నువ్వు ఎవరింటికి పోవాల్నో నీకు ఎరుకే. గాడికి పో." అంతే. చివరి ప్రార్థన కూడా చెప్పకుండా కూర్చున్నాడు.

జనానికి కోపం వచ్చింది. దీవెన ప్రార్థన లేకుండా సభ ముగించడమేంటి? సంఘపెద్ద ఒకాయన చీకట్లోనే గట్టిగా దీవెన చెప్పేశాడు. ఆ గందరగోళంలో తాత నా చెయ్యి పట్టుకుని బయటికి నడిచాడు. ఇంటివైపు కాదు, వాడ చివరికి.

అక్కడ ఒక ముసలామె ఉండేది. మేం పెద్దవ్వ అనేవాళ్లం. మొగుడు పోయాడు, రెండు మేకలు పెట్టుకుని బతికేది. తాత ఆమె వాకిట్లో నిలబడ్డాడు. నిలబడి, నిలబడి, చివరికి అడిగాడు: "మేక ఈనిందా?"

"ఈ రాత్రి పూట మేకెందుకు మామా నీకు?" అందామె. తాత మంచినీళ్లు అడిగి తాగి తిరిగొచ్చాడు.

మరునాడు రాత్రి మళ్లీ తీసుకెళ్లాడు. ఆ రోజు వానల గురించి మాట్లాడాడు. ఫిబ్రవరిలో వానలేంటో నాకు అర్థం కాలేదు. మూడో రోజు చెప్పాడు.

ఆయన చెప్పింది నాగార్జునసాగర్ డ్యామ్ నాటి మాట. 1955 డిసెంబర్‌లో నెహ్రూ పునాదిరాయి వేసిన ఆ కట్ట పని 1967 దాకా నడిచింది. అసలు కట్ట రాతి కట్టడం. దేవరకొండ, పాలమూరు వైపు నుంచి ఊళ్లకు ఊళ్లు పోయి అక్కడ గుడిసెలు వేసుకున్నాయి. రాళ్లు, కట్టుబడి మాలు తట్టల్లో నెత్తిన పెట్టుకుని ఆడా మగా ఆ పరంజాల మీద ఎక్కుతూ దిగుతూ ఉండే ఫోటోలు మీరూ చూసి ఉంటారు. ఆ ఫోటోల్లో ఎక్కడో మా ఊరివాళ్లు ఉన్నారని నా నమ్మకం. తాత అక్కడ గుంపు మేస్త్రీ. ఆయన కింద ఇరవై రెండు మంది. శనివారం బట్వాడా. గుత్తేదారు మొత్తం గుంపు డబ్బు తాత చేతికిస్తే, తాత మనిషి మనిషికీ పంచేవాడు. పంచేటప్పుడు తలకు ఒక పావలా పట్టుకునేవాడు. హాజరు, కూలి రాసే మస్టర్‌లో వేలిముద్ర మాత్రం పూర్తి కూలికే. చదువురాని జనం. మిషన్ బడిలో నాలుగు అక్షరాలు నేర్చుకున్నది ఆ గుంపులో ఆయన ఒక్కడే. ఆ నాలుగు అక్షరాలు పనికొచ్చింది దీనికి.

రెండేళ్లకు పైగా చేశాడట. పండుగలు, జ్వరాలు తీసేస్తే నూరు వారాలు.

పెద్దవ్వ అంతా విని, మేకకు రొట్ట వేస్తూ, వెనక్కి తిరక్కుండానే అంది: "ఏటేటా గుడిల ముందట పడి ఏడుస్తుంటే, ఈయనకు ఎంత భక్తో అనుకునేదాన్ని. గిదా సంగతి? ఇరవై ఏండ్ల సంది అక్కడ ఏడ్సినవ్, ఒక్కనాడన్న నా ముందట ఏడ్సినవా?"

తాత ఏడవబోయాడు. "వద్దు మామా. ఏడ్పు దేవునికియ్యి. నా పైసలు నాకియ్యి," అంది.

నాకు ఆ మాటకు సిగ్గేసింది. మా తాతను ఒకరు అట్లా అనడం అంతకుముందు వినలేదు. కానీ తాత ఇంటికి వస్తూ, ఎప్పుడూ లేనిది, ఈల వేసుకుంటూ నడిచాడు. ఇది మాత్రం నేను మరచిపోలేను.

ఆ రాత్రి మా ఇంట్లో లెక్క మొదలైంది. నూరు వారాలు, నూరు పావలాలు, మనిషికి ఇరవై అయిదు రూపాయలు. తాత అంతే ఇద్దామనుకున్నాడు. నాయనమ్మ ఒప్పుకోలేదు. "అప్పుడు పావలా పెడితే సోలెడు పచ్చజొన్నలొచ్చేటియి. ఇప్పటి పావలాకు ఏమొస్తది, చాక్లెటా? వాళ్ల కడుపులకెల్లి నువ్వు తీసింది జొన్నలు. జొన్నలే కొలువు." నాయనమ్మ బడి మొహం చూడలేదు. రోజూ వంట కుండలో పోసే ముందు దేవునికని గుప్పెడు గింజలు తీసి వేరే చట్టిలో వేసేది. నెలకొకసారి అవి గుడికి పోయేవి. గింజల్లో లెక్క ఆమెకు బాగా తెలుసు. నాలుగు సోలలు ఒక మానిక. నూరు సోలలంటే ఇరవై అయిదు మానికలు.

పాస్టరుగారిని పిలిచారు. ఆయన సంఖ్యాకాండం అయిదో అధ్యాయం తీసి చదివాడు. తాను చేసిన పాపం ఒప్పుకుని, అసలుకు అయిదో వంతు కలిపి ఎవరికి నష్టం చేశాడో వాళ్లకే ఇవ్వాలని అందులో ఉంది. ఇరవై అయిదుకు అయిదో వంతు అయిదు. ముప్పై మానికలు. అక్కడున్న సంఘపెద్ద ఊరుకుంటాడా! బైబిల్లో యేసును చూడటానికి చెట్టెక్కిన పన్నుల అధికారి జక్కయ్య కథ ఎత్తాడు. "జక్కయ్య నాలుగింతలు ఇచ్చిండు గద?" అన్నాడు. తాత వెంటనే, "జక్కయ్య శ్రీమంతుడు," అన్నాడు. మేమంతా నవ్వాం. పాస్టరుగారు మాత్రం నవ్వకుండా వివరం చెప్పాడు. నిర్గమకాండంలో గొర్రెను దొంగిలించి కోసినా అమ్మినా పట్టుబడిన వాడు నాలుగు గొర్రెలు ఇవ్వాలి. తనంతట తాను వచ్చి ఒప్పుకున్నవాడికి అయిదో వంతు కలపమనే ఉంది. జక్కయ్య తనకు తాను పట్టుబడిన దొంగ శిక్షే వేసుకున్నాడు.

ఇంకో మాట కూడా అన్నాడాయన. అప్పుడు పట్టించుకోలేదు కానీ పెద్దయ్యాక తరచూ గుర్తొస్తుంది. జక్కయ్య బాకీలు తీర్చాక యేసు ఆయన ఇంటికి పోలేదు. మేడిచెట్టు మీద ఉండగానే, దిగు, ఇవాళ మీ ఇంట్లో ఉండాలి అన్నాడు. లెక్క ఆ తర్వాత. "జొన్నలు కొలిచి క్షమాపణ కొనుక్కుంటున్ననని అనుకోకు పెద్దాయనా. పిలుపు అప్పుడే వచ్చింది. నువ్వు లేచి పోతున్నవ్, గంతే."

తాతకు ఉన్నది ఆరెకరాల చెలక, ఒక జత ఎడ్లు. ఇరవై రెండు మందికి ముప్పై చొప్పున ఆరువందల అరవై మానికలు. ఒక్క పంటతో అయ్యే పని కాదు. ప్రతి ఏడూ కల్లంలోనే, గింజ ఇంటికి చేరకముందే, వరస ప్రకారం కొలిచేవాడు. మధ్యలో ఒక ఏడు వానలే లేవు. ఆ ఏడు ఎవరికీ ఇవ్వలేదు. మొత్తం నాలుగేళ్లు పట్టింది. మా నాయనకు కోపంగానే ఉండేది. నాకు ఆ ఏళ్లలో కొత్త బట్టలు లేవు. నేను ఈ కథ గొప్పగా చెప్పుకుంటున్నాను కానీ, అప్పుడు నాక్కూడా కోపమే. సంక్రాంతికి అందరూ కొత్త చొక్కాలు వేసుకుంటే, నేను మాత్రం మోచేతి దగ్గర మాసిక వేసిన చొక్కాతో తిరిగాను. ఎవరో బాగుపడితే పక్కవాళ్లు ఎందుకు ఇబ్బంది పడాలో అర్థమయ్యేది కాదు.

అందరూ పెద్దవ్వలాగా మాట్లాడలేదు. పద్నాలుగు మంది మా ఊళ్లో, చుట్టుపక్కల ఊళ్లలో ఉన్నవాళ్లే. కొందరు జొన్నలు తీసుకుని ఏమీ అనలేదు. ఒకాయన తీసుకోనన్నాడు. "నేనూ నా కింది వాళ్ల దగ్గర గదే చేసిన, నీ జొన్నలు తింటే నాకు అరగదు," అన్నాడు. తాత గింజలు ఆయన అరుగు మీద పోసి వచ్చేశాడు. తర్వాత ఏమైందో నాకు తెలీదు. అయిదుగురు బొంబాయి పోయినవాళ్లు పండుగలకు వచ్చినప్పుడు పట్టుకున్నాడు. ఇద్దరు చనిపోతే వాళ్ల బిడ్డలకు ఇచ్చాడు.

ఆ నాలుగేళ్లూ ఉజ్జీవ సభలు జరిగాయి. తాత వచ్చేవాడు, వెనక వరసలో గోడకు ఆనుకుని కూర్చునేవాడు. ముందుకు పిలిచినప్పుడు లేచేవాడు కాదు. కొత్తగా వచ్చిన దైవజనులు ఈ ముసలాయన గుండె గట్టిదనుకుని ఉంటారు. నన్ను కూడా లేవనిచ్చేవాడు కాదు. "ఎందుకు పోతవ్‌రా? పుస్తకానికా?" అనేవాడు చెవిలో. నేను ఏడో పుస్తకం తెచ్చుకోలేదు. పదహారేళ్లప్పుడు పెద్దల ముందు నిలబడి, అరుగు మీద ఆరబెట్టిన ఎవరి మిరపకాయలు ఎన్నిసార్లు ఎత్తుకుపోయి కిరాణా కొట్లో పుల్ల ఐసు డబ్బులకు అమ్మానో చెప్పాను. ఒక పెద్దాయన, "అవి మావే," అన్నాడు. ముందు ఆయన ఇంటికి పోయొచ్చాకే చెరువులో దిగాను.

ఇరవై రెండో మనిషి దొరకలేదు. భార్యాభర్తలు వచ్చారట. భర్త పేరే మస్టర్‌లో ఉండేది, ఇద్దరూ మోసేవాళ్లు. చింతపల్లి వైపు వాళ్లు. ఆమె నుదుటి మీద కాలిన మచ్చ ఉండేది. తాత చింతపల్లికి రెండుసార్లు పోయాడు. తెలియదన్నారు. పాస్టరుగారు మళ్లీ అదే అధ్యాయం చూపించాడు. నష్టపరిహారం తీసుకోవడానికి బంధువు ఎవరూ లేకపోతే అది యాజకునికి ఇవ్వాలి. అంటే గుడి కానుకలో వేసెయ్యొచ్చు. తాత మొండికేశాడు. "ఎవరూ లేకపోతే గద. నాకు దొరకలేదంటే లేనట్టా?" ఆ ముప్పై మానికలు గుమ్మిలో ఒక మూలన వేరే ఉండేవి. ప్రతి పంటకూ పాతవి తీసి కొత్తవి పోసేవాడు, పురుగు పట్టకుండా. 1993లో తాత పోయాడు. నాయన రెండేళ్లు అట్లాగే నడిపి, చెలకలో పత్తి వేయడం మొదలయ్యాక ఆ పద్ధతి ఆగిపోయింది. తాత బైబిల్లో, ఆ లూకా పేజీలోనే, ఒక చీటీ మిగిలింది. 'చింతపల్లి. 30 మా. ప. జొ.'

బైబిల్ నా దగ్గరికి వచ్చింది, చీటీతో సహా. చాలాసార్లు చూశాను. పోదామనుకున్నాను. హైదరాబాద్‌లో ఉద్యోగం, ప్లాటు కొన్నాం, దాని రిజిస్ట్రేషన్ టెన్షన్. తర్వాత కారు. తర్వాత బిడ్డ పెండ్లి. హైదరాబాద్ నుంచి మా ఊరికి పోయే సాగర్ రోడ్డు మీద మాల్ అనే ఊరు దాటితే చింతపల్లే. ఎన్ని వందలసార్లు ఆ ఊరి మీదుగా పోయానో! ఒక్కసారీ ఆపలేదు. పోయిన ఏడు ఒక ఆదివారం గుడిలో లూకా పద్నాలుగు చదివే వంతు నాకొచ్చింది. పొలం కొన్నవాడు, ఎడ్లు కొన్నవాడు, పెండ్లి చేసుకున్నవాడు అని మైకులో చదువుతుంటే నా గొంతు నాకే వేరేగా వినిపించింది. ప్లాటు, కారు, పెండ్లి. వరస కూడా తప్పలేదు.

తర్వాతి శనివారం చింతపల్లిలో ఆగాను. టీ కొట్టు ముసలాయనను అడిగితే ముందు నన్ను సర్వేవాడు అనుకున్నాడు. సాగర్ పనికి పోయినోళ్లు ఊరంతా ఉన్నరు, ఎవరని చెప్పాలె అన్నాడు. నుదుట మచ్చ అనగానే పక్క బెంచీ మీద ఉన్నాయన తలెత్తాడు. "టైరు పంచర్ పోరని నాయనమ్మకు ఉంటది గద మచ్చ."

అయిదు నిమిషాల నడక. ముప్పై ఏళ్లు ఆ రోడ్డు మీద పోతూ వస్తూ ఉన్నాను, అయిదు నిమిషాల నడక.

పంచర్ షాపు కుర్రాడికి పాతికేళ్లుంటాయి. నా కారు చూసి జాకీ తీశాడు. పంచర్ కాదని, వచ్చిన పని చెప్పాను. నాకూ మాట తొందరగా రాలేదు. మొదట వాడి షాపు ఎట్లా నడుస్తుందో అడిగాను. చెప్పడం పూర్తయ్యాక వాడు చేతులు గుడ్డకు తుడుచుకుంటూ చాలాసేపు నన్నే చూశాడు.

"అయితే ఇప్పుడు ఎంత అంటరు సార్?"

"డబ్బు కాదు. ముప్పై మానికల పచ్చజొన్నలు. మళ్లీ వారం తీసుకొస్తా."

"జొన్నలా?" వాడికి నవ్వొచ్చింది. "ఇప్పుడు జొన్నరొట్టె షుగరున్నోళ్లే తింటున్నరు సార్. మా అవ్వకు షుగరే. తెండి."

అవ్వ లోపల ఉందా అని అడిగాను. ఉంది, తిని పడుకుంది, చెవులు సరిగా వినపడవు, లేపాలా అన్నాడు. లేపొద్దన్నాను. షాపు ముందు పాత లారీ టైరు ఒకటి పడేసి ఉంది. ఆమె లేచేదాకా దాని మీద కూర్చుంటానని చెప్పాను.